జీపులో ఎర్రదీపం

జీపాయన పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది గాజుల ఖైరున్‌బీ. తెచ్చింది కానీ, రాగానే చెప్పలేదు. గంప దించింది. మంచినీళ్లడిగి తాగింది. నా చెయ్యి ఒళ్లోకి లాక్కుని, వేళ్లు ఒత్తి మెత్తన చేసి, ఒక్కొక్క గాజే ఎక్కించింది. వచ్చిందంటే నాలుగూళ్ల ముచ్చట్లు దించిపోయే మనిషి, ఆ పూట నోరు విప్పలేదు. రెండు చేతులూ నిండాయి. గాజులను కళ్లకద్దుకుని దేవునికి దండం పెట్టుకున్నాను. అప్పుడు గంప మీద బట్ట కప్పుతూ చెప్పింది.

"జీపాయన లేడమ్మ. మొన్న పొద్దుగాల పోయిండు. గాజులు తొడిగేటప్పుడు సావు ముచ్చట చెప్పొద్దని మా అమ్మ అంటుండె. గందుకే ఆపుకున్న."

అంత దుఃఖాన్ని గొంతులో పెట్టుకుని కూడా నా చేతిమీద ఒక్క గాజు చిట్లనివ్వలేదు. ఆమె చేతులు చల్లగుండాలి.

జీపాయన అంటే మా వైపు ఊళ్లలో ఒక్కడే. ఎనభైల్లో కల్వకుర్తి అడ్డా నుంచి మా ఊరి మీదుగా అచ్చంపేట దాకా జీపు నడిపేవాడు. అడవిలో జాతర వస్తే అమ్రాబాద్ గట్టు కూడా ఎక్కించేవాడు. ఆయన అసలు పేరు నాకు తెలియదు. మగవాళ్ల పేర్లు అడిగే అలవాటు మా ఇళ్లలో లేదు. ఆయన భార్య మల్లమ్మ మొగుడి పేరు నోట పలికే మనిషి కాదు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. అంతే సరిపోయింది.

గొర్లు కాసిన ఇంటివాడు. మందను వదిలి స్టీరింగు పట్టినా మంద ఆయన్ను వదల్లేదు. డ్రైవరు సీటు మీద మడతపెట్టిన నల్ల గొంగడి ఉండేది. ఎండాకాలంలో కూడా తీసేవాడు కాదు. రోడ్డుకు అడ్డంగా గొర్లు వస్తే హారన్ కొట్టేవాడు కాదు. బండి ఆపి, దిగి, నాలుక అంగిటికి తగిలించి ఏదో చప్పుడు చేసేవాడు. ముందుండే పొట్టేలు తల తిప్పి చూసేది. దాని వెనక మందంతా పక్కకు తిరిగేది. జీపులోని జనానికి ఓపిక ఉండేది కాదు.

"హారన్ కొట్టరాదె, పొద్దుగూకుతాంది!"

"హారన్ కొడితె చూడి గొర్రె బెదురుతది, కడుపు నిలువది. నీకేమన్న పుస్తె కట్టే టైము దాటిపోతాందా?"

"నాకు పెండ్లయి మనుమలు పుట్టిండ్రు."

"మల్లింకేం తొందర? కూసో."

అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. మీసం కింద ఏదో కదిలేది, అంతే.

ఆయన గురించి తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది తాళం తిప్పే తీరు. తాళం పెట్టి సగం తిప్పి ఆగేవాడు. స్టీరింగు వెనక అద్దం కింద ఒక ఎర్రలైటు వెలిగేది. దాన్ని చూపుడువేలితో తాకి, ఆ వేలు కళ్లకద్దుకునేవాడు. అప్పుడు ఇంజను లేపేవాడు. ఇంజను అందుకోగానే లైటు ఆరిపోయేది. "సల్లగున్నది. పోదాం" అనేవాడు. ఆ మాట అననిదే బండి కదిలిన రోజు నాకు గుర్తులేదు.

ఇంజనులో నూనె సరిగ్గా తిరుగుతోందో లేదో చెప్పే లైటు అది. నేను వెనక సీట్లో కొంగు కప్పుకుని కూర్చుని ఒకసారి అడిగితే ఆయనే చెప్పాడు.

"గొర్రె రెప్ప ఎత్తి చూస్తం గద చెల్లె. లోపల ఎర్రగుంటె మంచిగున్నట్టు, పాలిపోతె రోగమున్నట్టు. దీనికి ఉల్టా. ఎర్రగుంటె రోగం. గంతే ఫరక్."

"మరి తాళం తిప్పంగనే ఎందుకు ఎలుగుతదన్నా? అప్పుడే రోగముంటదా?"

"కన్ను పనిజేస్తాందా లేదా మనం చూసుకోవద్దా? గుడ్డికన్ను ఎన్నడు ఎర్రగాదు."

ఆ లైటు కింద ఏవో చిన్న అక్షరాలుండేవి. మా బాపు నన్ను బడికి పంపలేదు కానీ, గడప దగ్గర కూర్చోబెట్టి ముగ్గుపిండిలో అక్షరాలు దిద్దించాడు. ఆ పుణ్యంతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నాకు చదువొచ్చునని ఎవరో చెబితే, "ఏం రాసుంది చెల్లె దాని కింద?" అని అడిగాడు. తొంగి చూశాను. ఇంగ్లీషు. రాదన్నాను. "నాకు తెలుగే రాదు. నీకు ఇంగ్లీషు రాదు. ఇగ దాని తిప్పలు అదే పడని" అన్నాడు.

మిగతా బండ్లలో దేవుని పటం ముందు చిన్న ఎర్ర బల్బు వెలుగుతూ ఉండేది. ఈయన జీపులో పటం లేదు. అందుకని మా ముసలమ్మలంతా ఈ ఎర్రలైటునే దేవుని దీపం అనుకున్నారు. ఆయన తాళం తిప్పగానే వెనక నుంచి చేతులు జోడించేవాళ్లు. ఆయన ఎవరినీ దిద్దలేదు. ఎప్పుడైనా దారి మధ్యలో లైటు వెలిగితే బండి పక్కకు తీసి, "దేవుడు జర ఆగుమంటుండు" అనేవాడు. ఎండలో బండి ఆపితే తిట్టిపోసే జనం, దేవుడు ఆగమన్నాడంటే దిగి చింతచెట్టు కింద బుద్ధిగా కూర్చునేవాళ్లు. ఆయన నూనె పోసుకునేవాడు, చూసుకునేవాడు. లైటు ఆరేదాకా కదిలేవాడు కాదు. "ఎర్రగ చూస్తాందని దాని మీద కోపం చెయ్యొద్దు. అది కోపం గాదు, మన మీద ఫికర్" అనేవాడు.

ఇక ఆ పాసింగ్ రోజు సంగతి చెప్పాలి.

బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో సర్కారు ఆఫీసరు పరీక్ష చేసి కాగితం ఇస్తాడు. దాన్ని వాళ్లు పాసింగ్ అంటారు. గడువులోపల పాలమూరుకు పోయి పాస్ చేయించుకోవాలి. మా అత్తమ్మకు అంతకుముందే కంటి ఆపరేషన్ అయింది. పాలమూరులో డాక్టరుకు మళ్లీ చూపించాలి. "ఖాళీగ పోతున్న, రాండ్రి" అన్నాడు జీపాయన. జీపును కడిగి, బంపరుకు నల్లరంగు వేసి, నంబరు కొత్తగా రాయించాడు. ముందు సీట్లో మల్లమ్మ కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండి పాసయ్యాక కొట్టడానికి.

ఆ జీపు మల్లమ్మ అరణపు గొర్లు అమ్మి కొన్నది. అరణం అంటే పెళ్లిలో పుట్టింటివాళ్లు ఆడపిల్లకిచ్చే మంద. అందుకే ఆమెకు కోపమొస్తే, "అది జీపు గాదు, నా గొర్లు. పైలంగ నడుపు" అనేది.

జడ్చర్లలో చాయ్ తాగి బయల్దేరాం. తాళం తిప్పాడు. లైటు వెలిగింది. కళ్లకద్దుకున్నాడు. ఇంజను లేచింది. లైటు ఆరలేదు.

దిగి బానెట్ ఎత్తాడు. నూనె చూసే కడ్డీ తీసి, తుడిచి, ముంచి చూశాడు. నూనె నిండుగా ఉంది. అక్కడి మెకానిక్కు చెవిపెట్టి విని, "ఇంజను మంచిగనే ఉన్నది, గా లైటుకే ఏదో అయింది. పాలమూర్ల చూపించుకో" అన్నాడు. జీపాయన ఆ తర్వాత బండిని నడిపించాడని చెప్పలేను. కుంటి గొర్రెను తోలుకుపోయినట్టు తోలాడు. కొంతదూరం పోవడం, ఆపడం, ఇంజనుకు చెయ్యి ఆనించి చూడటం. మల్లమ్మ ఆ లైటు వంక చూస్తూ పెదవి కొరుక్కుంటోంది.

వెనక నుంచి మా అత్తమ్మ గొంతు సంతోషంగా వినిపించింది. "ఈయాల దీపం ఆరలేదు కొడుకా! అఖండమై వెలుగుతాంది. నీ పని అయినట్టే పో!"

ఆపరేషన్ అయిన కంటికి ఆ ఎరుపు ఎలా కనిపించిందో ఏమో, దారి పొడుగునా చేతులు దించలేదు. ఆయన, "నీ నోటి సలువ అవ్వ" అన్నాడు.

పాలమూరులో డాక్టరు చూపు బాగుందన్నాడు. మేం ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి జీపు ఇంకా వరసలోనే ఉంది. పక్క లారీ డ్రైవరు ఈయన కష్టం చూసి పగలబడి నవ్వుతున్నాడు.

"గా బల్బు పీకి జేబులేస్కోరాదె! సారు పోయినంక మల్ల పెట్టుకో. మేమందరం గదే జేస్తం."

"మీ అందరి జేబులల్ల బల్బులేనా? గందుకే మొకాలు గింత ఎలుగుతున్నయ్."

లారీ ఆయన ఇంకా నవ్వాడు. మల్లమ్మ నవ్వలేదు. కొబ్బరికాయ నా చేతికిచ్చి దిగి, ఆయన పక్కకు పోయి నిలబడింది. గొంతు తగ్గించింది కానీ నాకు వినిపించింది.

"ఒక్క ముచ్చట ఇను. రేపటితోని గడువైపోతది. పెండ్లిళ్ల కాలం. గిప్పుడు బండి ఇంటి ముందర నిలవడితె ఏం తింటం? నా గొర్లు పాయె. ఇగ ఇది గూడ పోవాల్నా? పీకు."

"పీకితె సారుకు కనవడది. రేపు నాకు గూడ కనవడది."

"మల్ల పెట్టుకో, ఎవ్వరొద్దన్నరు?"

"మల్లీ, పెట్టుకుంట అనుకుంట. పెండ్లి గిరాకి మీద యాది మరుస్త. నా సంగతి నాకెరుక." బానెట్ మీద చెయ్యి ఆనించాడు. "సంతల గొర్రె రెప్పకు కారం రాసి ఎర్రగ జేసి అమ్మిండు ఒకడు. మా బాపు కొన్నడు. ఆ ఒక్కటి మందనంత ముంచింది. మొకం మంచిగ జేసిన రోగం ఎక్కువ కొడ్తది."

"గది గొర్రె. ఇది ఇనుము."

"దీన్ల మనుషులెక్కుతరు."

ఆఫీసరు వచ్చాడు. బ్రేకు చూశాడు, హారన్ కొట్టించాడు, లైట్లు వేయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి లోపలికి వంగి, "ఇదేంది, ఆరుతలేదు?" అన్నాడు.

"నూనెది సార్. నూనె నిండ ఉన్నది, చూసిన. అయిన ఎలుగుతాంది. ఎందుకో నాకెరుక లేదు."

"నీకే ఎరుక లేకుంటె నేనెట్ల రాయాలె? చేయించుకొని రా."

"న్యాయమే సార్" అన్నాడు.

మా అత్తమ్మ అడిగింది. "అయిందా కొడుకా? మరి కాయ కొట్టకపోతిరి?"

"దేవుడు ఇంక జర ఆగుమన్నడవ్వ."

"ఆగుమంటె ఆగాలె. అఖండ దీపం ఎలిగిన బండి ఊకె పోదు" అంది అత్తమ్మ. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

జీపును పాలమూరులోనే షెడ్డులో వదిలి అందరం బస్సులో వచ్చాం. ఆయన్ను ప్రయాణికుడిగా నేను చూసింది ఆ ఒక్కసారే. సీటు అంచున కూర్చున్నాడు. బస్సు ఆగి మళ్లీ కదిలిన ప్రతిసారీ మెడ చాచి డ్రైవరు ముందున్న లైట్ల వంక చూశాడు. కొబ్బరికాయ మల్లమ్మ ఒళ్లోనే ఇంటికి వచ్చింది.

ఇంజను మొత్తం విప్పి చూడాల్సిందేనని పట్టుబట్టాడు. విప్పారు. నెమ్మదిగా విప్పారు, ఇంకా నెమ్మదిగా బిగించారు. ఏ రోగమూ లేదు. ఇంజను పక్కన లైటుకు కబురు పంపే బొటనవేలంత సామాను ఒకటి ఉంటుందట. అది చెడిపోయింది. ఇంజను బాగానే ఉంది. ఎర్రలైటు చెప్పింది అబద్ధం.

అది తేలేసరికి పెండ్లిళ్ల కాలం దాటింది. అడ్డాలో ఆయన వంతు వేరే జీపుకు పోయింది. బండి తర్వాత పాసయింది కానీ, వరసలో చివరన పెట్టారు. ఆ వేసవంతా మల్లమ్మ పరాయివాళ్ల మంద వెంట పోయింది. తన గొర్లు మేపిన గుట్టల్లోనే కూలికి గొర్లు కాసింది. మా ఇంటి ముందు నుంచి పోతుంటే పిలిచి మజ్జిగ ఇచ్చేదాన్ని. తాగి, "ఆయన గా దీపాన్ని నమ్ముతడు వదినె. నన్ను నమ్మడు" అంది ఒకసారి. తిట్టినట్టు లేదు. ఎండకు ఎండిపోయిన గొంతు.

నేను ఆయన్ను కూడా అడిగాను. అబద్ధపు లైటు కోసం ఇంత పోగొట్టుకుంటివి కదన్నా అని. కాలి బొటనవేలితో నేల రాస్తూ, "ఈపారి అబద్ధం చెప్పింది. వచ్చేపారి నిజం చెప్పదని ఎట్ల అనుకోను చెల్లె?" అన్నాడు. మల్లమ్మ పోతున్న దిక్కు మాత్రం చూడలేకపోయాడు. తల దించుకునే ఉన్నాడు.

మా అత్తమ్మ తర్వాత చాలాకాలం బతికింది. చివరి రోజుల్లో కూడా తన జన్మలో మంచిరోజులు చెప్పమంటే ఆ రోజును చెప్పేది. కంటికి చూపొచ్చింది, దారి పొడుగునా అఖండ దీపం చూశాను అనేది. ఆ సంతోషాన్ని ఆమెనుంచి తీసుకోనందుకు ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. తన పని చెడిపోయిన రోజును ఒక ముసలిదానికి పండగగా వదిలిపెట్టాడు.

తొంభైలు వచ్చేసరికి రోడ్డు మీద బండ్లు పెరిగాయి. ఆయన జీపు అమ్మేసి వేరేవాళ్ల బండి నడపసాగాడు. నేను ఆయన్ను చివరిసారి కల్వకుర్తిలో చూశాను. చిక్కిపోయాడు. తాళం సగం తిప్పి ఆగాడు. వేలు చాచాడు. అక్కడ ఏ లైటూ వెలగలేదు. వేలు కాసేపు గాలిలోనే ఉంది.

"బల్బు పొయింది. పెట్టియ్యుమని సేటుకు ఎన్నడో చెప్పిన" అన్నాడు. అంతలో దగ్గు తెర వచ్చింది. మెడలో తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకుని, పిడికిట్లో ముద్దచేసి దాచాడు. ఆయన మెడలో ఎప్పుడూ తెల్ల తువ్వాలే చూశాను. ఇది ఎర్రది.

"తెల్ల తువ్వాల ఏమాయెనన్నా?"

"ఎర్రదైతె మాసింది కనవడది చెల్లె."

"దగ్గు మంచిగ లేదు. దవాఖాన్ల చూపించుకో."

"చూపిస్త. ఈ పెండ్లిళ్ల కాలం ఎల్లని" అన్నాడు. ఇంజను లేపాడు. ఆ రోజు "సల్లగున్నది" అనలేదు.

కబురు విన్న మర్నాడు ఖైరున్‌బీ, నేను కలిసి మల్లమ్మ దగ్గరికి పోయాం. ఖైరున్‌బీ ఆ రోజు గంప తేలేదు. మల్లమ్మ చేతులకు ఇన్నేళ్లూ గాజులు తొడిగింది ఆమే. ఇంకా చేతికే ఉన్న ఆ గాజుల వంక చూడలేక గడపలోనే కూర్చుండిపోయింది. నల్ల గొంగడి దండెం మీద వేలాడుతోంది. మల్లమ్మ ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆగిన మనిషిలా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"తువ్వాల తానే ఉతుక్కుంటుండె వదినె. నన్ను ముట్టనియ్యకపోతుండె. ఇన్నేండ్లకు మొగనికి బుద్ధొచ్చిందని నేను మురిస్తి. వాడకట్టంత చెప్పుకుంటి. నెత్తురు కడుక్కుంటుండని నాకేమెరుక?"

ఖైరున్‌బీ "యా అల్లా" అని మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"దవాఖాన్ల పండవెట్టినంక అడిగిన. ఎందుకు చెప్పకపోతివి అని. ఏమన్నడో ఎరుకనా?" మల్లమ్మ నా వంక చూసింది. "'ఒకపారి ఆగితి. నువ్వు పరాయి గొర్ల ఎంబడి పడ్డవు. ఇంకొకపారి ఆగబుద్ధిగాలె మల్లి' అన్నడు."

ఆమె దండెం మీది గొంగడిని చేత్తో సవరించింది. గొర్రె వీపు నిమిరినట్టు, బొచ్చు వాలిన దిక్కుకే నిమిరింది.

"ఆ దినం పీకుమన్నది నేనే గద వదినె. జీపుది పీకలే. తనది పీకిండు."

సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నాకు మేలు చేసినవాళ్లను తలచుకోవడం మా బాపు నేర్పిన అలవాటు. పేరు తెలియని మనిషిని దేవుని ముందు ఎలా తలచుకోవాలా అని మొదటి రోజు తడబడ్డాను. తర్వాత జీపాయన అనే అన్నాను. దేవునికి తెలుస్తుంది.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా బండి ఉంటే, లేదా ఎవరి బండిలోనైనా ముందు సీట్లో కూర్చుంటే, ఒక చిన్న పని చేయండి. తాళం తిప్పగానే ఎర్రలైట్లు ఒక్కసారి వెలుగుతాయి. ఇంజను లేచేదాకా ఉండి ఆరిపోతాయి. అవి ఆరేలోపల మా జీపాయనను ఒక్కసారి తలచుకోండి. ఆయన అక్కడ ఎప్పుడూ కాసేపు ఆగేవాడు.